ఆన్‌లైన్ పబ్లిక్ స్కూల్లో చేర్పిస్తున్నారా? ముందు ఆ స్టార్ గుర్తు చూడండి

అమెరికాలో పిల్లల్ని ఆన్‌లైన్ పబ్లిక్ స్కూలుకి (అంటే అక్కడి ప్రభుత్వ స్కూలుకి) మార్చాలనుకుంటున్న తల్లిదండ్రులకి ఒక మాట. మేం దెబ్బతిన్నాం.

ఫీజు లేదు, లాప్‌టాప్ ఇంటికే పంపుతాం, చిన్న స్కూలు కాబట్టి ఒక్కొక్కరి మీదా శ్రద్ధ ఉంటుందన్నారు. మా వాడు ఏడో తరగతి. ఆగస్టులో ఇరవై నిమిషాల్లో అడ్మిషన్ అయిపోయింది. మొదట్లో ఎంత పలకరింపో! ఒక్కరోజు లాగిన్ కాకపోతే సాయంత్రానికల్లా ఫోన్. అక్టోబరు దాటాక ఆ ఫోన్లు ఆగిపోయాయి. కొన్ని రాష్ట్రాల్లో అక్టోబరు మొదట్లో పిల్లల్ని లెక్కపెట్టి, ఆ తలల లెక్క మీదే స్కూలుకి డబ్బిస్తారని తర్వాత తెలిసింది.

లెక్కలకి మూడు తరగతులకీ కలిపి ఒక్కరే టీచర్. ఆవిడ మాత్రం ఏం చేస్తారు పాపం. డాష్‌బోర్డులో మాత్రం మావాడికి 94 శాతం, అంతా పచ్చరంగే. ఒక రాత్రి కాగితం ఇచ్చి 3/4కి 2/3 కలపమన్నాను. పైవీ పైవీ, కిందవీ కిందవీ కలిపేసి 5/7 అని రాసి, చకచకా నా ముందుకు తోశాడు. ఇదేంట్రా అంటే, "క్విజ్ ఎన్నిసార్లయినా రాయొచ్చు నాన్నా, ఆప్షన్లు మారవు. నాలుగోసారికి జవాబు తెలిసిపోతుంది" అన్నాడు.

అప్పుడు ఆ స్కూలు మీద రాష్ట్రం వాళ్లిచ్చే రిపోర్ట్ కార్డు తీశాను. లెక్కల ఫలితం గడిలో అంకె లేదు, స్టార్ గుర్తు ఉంది. పరీక్ష రాసినవాళ్లు మరీ తక్కువైతే ఎవరి మార్కులో తెలిసిపోతాయని ఫలితం దాచేస్తారట. స్కూలుకి ఫోన్ చేస్తే "మా అడ్మిషన్లు పెరుగుతున్నాయండీ" అన్నారు. నేనడిగింది అదా?

స్టాన్‌ఫర్డ్‌లోని క్రెడో అనే విద్యా పరిశోధన కేంద్రం 2015లో ఆన్‌లైన్ చార్టర్ స్కూళ్ల (ప్రభుత్వ డబ్బుతో వేరే సంస్థలు నడిపే పబ్లిక్ స్కూళ్ల) మీద అధ్యయనం చేసింది. ఆ పిల్లలు మామూలు పబ్లిక్ స్కూళ్ల పిల్లలకంటే సగటున లెక్కల్లో 180 రోజుల చదువంత వెనకబడ్డారని తేల్చింది. అంటే ఏడాది చదువు! ఆరోగ్యం బాగోక ఇంటి నుంచే చదవాల్సిన పిల్లలకి ఇవి అవసరమే, కాదనను. కానీ ఎంతమంది చేరారని కాదు, ఏడాది మధ్యలో ఎంతమంది వెళ్లిపోయారని అడగండి. ఫెడరల్ చట్టం ప్రకారం కనీసం 95 శాతం మంది రాష్ట్ర పరీక్ష రాయాలి, అక్కడ ఎంతమంది రాశారో అడగండి. హైస్కూలైతే నాలుగేళ్లలో పట్టా అందుకున్నవాళ్ల శాతం కూడా.

జనవరిలో మావాణ్ణి పాత స్కూల్లో చేర్పించాం. రోజూ రాత్రి భిన్నాలతో కుస్తీ పడుతున్నాం. లాప్‌టాప్ వెనక్కి పంపమని మాత్రం రెండో రోజే మెయిల్ వచ్చింది.