అమెరికా బడుల శిక్షల లెక్కలు చెప్పే వెబ్‌సైట్: శ్రీకాకుళం నుంచి ఒక సమీక్ష

1968లో మొదలై, ఇప్పుడు అమెరికా విద్యాశాఖలోని పౌరహక్కుల కార్యాలయం నిర్వహిస్తున్న ‘సివిల్ రైట్స్ డేటా కలెక్షన్’ అనే బడి లెక్కల సేకరణకు ఒక వెబ్‌సైట్ ఉంది; దాన్ని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనే ముందు బడి రేటింగు చూసుకునే మన జిల్లావాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఆ బడిలో ఎవరిని ఎంతగా శిక్షిస్తున్నారో ఇక్కడ తెలుస్తుందని వారిలో ఎక్కువ మందికి తెలియదు.

బడి పేరు కొడితే దాని పేజీ వస్తుంది. వేరే గదిలో కూర్చోబెట్టడం, కొన్ని రోజులు బడికి రావద్దనడం, పూర్తిగా బహిష్కరించడం అనే మూడూ వేర్వేరుగా, జాతి, లింగం, వైకల్యం వారీగా కనిపిస్తాయి. ఈ సైటు అసలు బలం ఇదే. ఇందులోని 2013-14 లెక్కల ఆధారంగా అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రభుత్వ బడుల్లో నల్లజాతి పిల్లలు 15.5 శాతమే అయినా సస్పెండైన వారిలో సుమారు 39 శాతం వారే. బడిలో పేద పిల్లలు ఎక్కువమంది ఉన్నా తక్కువమంది ఉన్నా ఈ తేడా పోలేదు. అంతకన్నా కలవరపెట్టేవి 2011-12 నాటి ప్రీస్కూల్ అంకెలు: చేరికల్లో 18 శాతమున్న నల్లజాతి పిల్లలు, ఒకటికి మించి సస్పెన్షన్లు పొందిన వారిలో 48 శాతం. నాలుగేళ్ల పసివాడిని సస్పెండ్ చేయడమేమిటో నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

లోపాలూ చిన్నవి కావు. 2020-21 లెక్కలు 2023 నవంబరులో గానీ బయటికి రాలేదు. పైగా అది కోవిడ్ ఏడాది కనుక పోలికకు పనికిరాదు. అంకెలు బడుల యంత్రాంగాలు సొంతంగా పంపేవే. ఏ పిల్లవాడిని ఏ తప్పుకు పంపేశారో ఉండదు కాబట్టి, ఒకే తప్పుకు ఇద్దరికి రెండు శిక్షలు పడ్డాయా అన్నది ఈ పట్టికతో తేలదు. తెలుగు, వియత్నాం, చైనా కుటుంబాల పిల్లలందరినీ ‘ఆసియన్’ అనే ఒకే గడిలో వేయడం మరో లోపం. మన రికార్డుల్లో సవర, జాతాపు, గదబ పిల్లలు ముగ్గురూ ‘ఎస్టీ’ అయిపోయినట్టే ఇదీను.

మన దేశంలో బడుల లెక్కలు సేకరించే ప్రభుత్వ వ్యవస్థ యూడైస్ ప్లస్‌తో పోల్చకుండా ఉండలేను. చేరికలు, బడి మానేసినవారి లెక్కలు అందులో సామాజిక వర్గాల వారీగా దొరుకుతాయి. సస్పెన్షన్‌కు మాత్రం గడి లేదు. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేయకూడదంటుంది గనుక, కాగితం మీద ఆ గడి అవసరమూ కనిపించదు. కానీ బయటికి పంపడం మన దగ్గర నోటిమాటగా జరుగుతుంది. “మీ నాన్నను తీసుకొస్తేనే క్లాసులోకి రా” అంటారు. తండ్రి ఊళ్లో ఉన్న పిల్లవాడు మర్నాటికి క్లాసులో ఉంటాడు. ఎచ్చెర్ల, గార మండలాల తీర గ్రామాల్లో తండ్రి వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిపోయిన పిల్లవాడు ఎవరిని తీసుకురావాలి? తల్లి చేపల గంప దించి వచ్చేలోగా బడి వదిలేస్తారు. అలా వారాలు గడిచిపోతే హాజరుపట్టీలో పడేది గైర్హాజరు గుర్తే తప్ప శిక్ష అన్న మాట కాదు; అదే మాట అందరికీ అన్నా, దెబ్బ వలస కుటుంబానికే ఎక్కువ తగులుతుందన్న సంగతి ఏ పట్టికకూ ఎక్కదు.

అందువల్ల లోపాలున్నా ఈ సైటుకు నేను మంచి మార్కులే వేస్తాను. అమెరికాలో పిల్లలను బడిలో వేయబోయే తల్లిదండ్రులు ఒక్క సంవత్సరం చూసి ఆగకుండా 2015-16, 2017-18 లెక్కలను పక్కపక్కన పెట్టుకుని చూడాలి. బడి చిన్నదైతే శాతాలను నమ్మకుండా పిల్లల సంఖ్యనే చూడాలి. పదిమంది ఉన్న వర్గంలో ఒక్కరిని పంపినా అది పది శాతమవుతుంది. పట్టికలు వెడల్పుగా ఉంటాయి కనుక ఫోనులో కంటే కంప్యూటరులో తెరవడం మేలు.