కటి ఎముక విరిగి మూత్రనాళం తెగితే: వెంటనే కలపడమా, మూడు నెలలు ఆగడమా?

మా బామ్మర్ది ఐదు నెలలు గుడ్డసంచీ లేకుండా గడప దాటలేదు. చూసేవాళ్లకి కూరగాయలకి వెళ్తున్నట్టు ఉండేది. లోపల ఉన్నది యూరిన్ బ్యాగు. పొత్తికడుపులో పెట్టిన గొట్టం చొక్కా కిందుగా దిగి ఆ సంచీలోకి పోయేది. ఒకసారి చుట్టాల పెళ్లికి వెళ్తూ సంచీ పైన తమలపాకుల కట్ట పెట్టుకున్నాడు, ఎవరూ లోపలికి తొంగి చూడకుండా.

హైవే మీద లారీ బైకును రాసుకుంటూ పోయింది. కటి ఎముక ముందు భాగం విరిగి పక్కకి జరిగింది, మూత్రనాళం పూర్తిగా తెగింది. వాడికప్పుడు 27 ఏళ్లు. నేను డాక్టర్ని కాదు, మెడికల్ షాపు నడుపుతాను. గొట్టాలు, బ్యాగులు, జెల్లీలు రోజూ అమ్మేవాణ్ణే అయినా, అవి మా ఇంటికొచ్చాక ప్రతి డాక్టరునీ పీకి పీకి అడగాల్సి వచ్చింది. ఎందుకంటే మూడు చోట్ల మూడు మాటలు చెప్పారు: వెంటనే కుట్టేద్దామని ఒకరు, కెమెరాతో గొట్టం దూర్చి వదిలేద్దామని ఒకరు, పొట్టలో గొట్టం పెట్టి మూడు నెలలు ఆగమని ఇంకొకరు. ఏది మేలో తేల్చుకోవడానికి మేం పడ్డ తిప్పలు ఇంకొకరికి తగ్గుతాయని రాస్తున్నాను.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. మగవాళ్లలో మూత్రాశయం కింద ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. మూత్రనాళం దాని మధ్యలోంచి దిగి, కటి ఎముకల అడుగున ఉన్న కండరాల పొరను దాటి బయటి భాగంలోకి వస్తుంది. కటి ఎముక ముక్కలు జరిగినప్పుడు పైన ప్రోస్టేట్ ఒకవైపు, కింద నాళం ఒకవైపు లాగబడి, సరిగ్గా ఆ పొర దగ్గరే తెగుతుంది. మధ్యలో రక్తం గడ్డకడుతుంది. వారాలు గడిచేకొద్దీ ఆ గడ్డ కరిగిపోయి దాని చోట గట్టి మచ్చ ఏర్పడుతుంది. చాలామంది దీన్ని నాళం సన్నబడటం అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఇది సన్నబడ్డ గొట్టం కాదు, రెండు ముక్కలైన గొట్టం, మధ్యలో గోడ. ఈ తేడా బుర్రకెక్కితే తర్వాత ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో సగం తెలిసిపోతుంది.

మొదటి వారం

మమ్మల్ని ముందు తీసుకెళ్లిన చిన్న ఆసుపత్రిలో మూత్రం రావట్లేదని మామూలు క్యాథెటర్ రెండుసార్లు తోశారు. మూత్రం చుక్క రాలేదు, రక్తం వచ్చింది. కటి ఎముక విరిగిన మనిషికి మూత్రం వచ్చే చోట రక్తపు చుక్క కనబడితే గుడ్డిగా గొట్టం తొయ్యకుండా, ముందు కింది నుంచి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తియ్యాలి. సగం తెగిన నాళం ఆ తోపుడుకి పూర్తిగా తెగొచ్చు. మావాడిది అలా తెగిందో, లారీ తగిలినప్పుడే తెగిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. మామయ్య మాత్రం ఇప్పటికీ ఆ కాంపౌండర్‌నే తిడతాడు.

వెంటనే కోసి కుట్టెయ్యడం వినడానికి బాగుంటుంది. తెగింది, కుట్టేస్తే పోదా? కానీ ఆ మొదటి రోజుల్లో లోపలంతా రక్తపు గడ్డ, వాపు, ఎముక ముక్కలు. ఆ గందరగోళంలో రెండు చివరలు వెతకబోతే పక్కనే ఉన్న సన్నని నరాలు దెబ్బతింటాయి. అంగస్తంభనకి పనికొచ్చేవి ఆ నరాలే. ఈజిప్టు సర్జన్ కోరైటిమ్ 1996లో అప్పటిదాకా వచ్చిన కేసుల లెక్కలు కట్టి చూపించాడు. వెంటనే కుట్టినవాళ్లలో నూటికి 56 మందికి స్తంభన పోయింది, 21 మందికి మూత్రం ఆగలేదు. ఇంతా చేస్తే 49 మందికి నాళం మళ్లీ పూడుకుంది. ఆ పద్ధతిని ఇప్పుడు దాదాపు వదిలేశారు. ఎవరైనా ఇదే మేలంటే ఇంకో డాక్టర్ని కలవండి.

పొట్టలో గొట్టం పెట్టి ఆగడం రెండో దారి. అదే లెక్కల్లో ఈ దారిలో స్తంభన పోయింది నూటికి 19 మందికి, మూత్రం కారింది నలుగురికి. కానీ నాళం పూడుకుంది 97 మందికి. అంటే తర్వాత నాళాన్ని కలిపే పెద్ద ఆపరేషన్ ఖాయం అనుకునే ఈ దారి ఎక్కాలి.

మూడోది కెమెరా దారి. పై నుంచి ఒకటి, కింది నుంచి ఒకటి చొప్పున సన్నని కెమెరాలు పంపి, తెగిన చోట దారి పట్టుకుని, లోపల గొట్టం వేసి కొన్ని వారాలు ఉంచుతారు. కుట్టరు, చివరలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడతాయంతే. కోరైటిమ్ లెక్కలో ఇలా నాళాన్ని సరిచేసినవాళ్లలో నూటికి 53 మందికి మళ్లీ పూడుకుంది, 36 మందికి స్తంభన పోయింది. కాకపోతే అవి ఎక్కువగా పాతకాలపు ఇనుప చువ్వలతో చేసిన పనులు. వంగే కెమెరాలు వచ్చాక జరిగిన అధ్యయనాల్లో స్తంభన విషయంలో ఈ పద్ధతి అదనంగా చెడు చేసినట్టు కనబడలేదు. లాభం ఏమిటంటే కొందరు ఆ పెద్ద ఆపరేషన్ నుంచి తప్పించుకుంటారు. తప్పించుకోలేని వాళ్లలో కూడా రెండు చివరల మధ్య దూరం తగ్గొచ్చు.

నా లెక్కలో మొదటి వారంలో పొట్ట గొట్టం, కెమెరా దారి రెండూ సరైనవే. బీపీ నిలకడగా ఉండి, కెమెరా చేతిలో ఉన్న యూరాలజిస్ట్ అక్కడే ఉంటే ఒక్క ప్రయత్నం చెయ్యొచ్చు. అది గంటలకొద్దీ సాగకూడదు. దొరక్కపోతే పొట్టలో గొట్టం పెట్టి బయటికి రావాలి. మావాడికి ఆ రాత్రి కడుపులో రక్తస్రావం కూడా ఉంది. కాబట్టి ఎంపికే లేదు, గొట్టమే.

పిల్లల్లో ప్రోస్టేట్ ఎదగదు కాబట్టి తెగడం ఇంకా పైన, మూత్రాశయం మెడ దగ్గర జరగొచ్చు. ఆడవాళ్లకి ఈ దెబ్బ అరుదు, వచ్చినప్పుడు యోని గోడ కూడా చీలి ఉండొచ్చు. వాళ్ల వైద్యం వేరుగా ఉంటుంది, ఈ లెక్కలు అక్కడ వాడకండి.

మూడు నెలల తర్వాత

అసలు టెన్షన్ ఇక్కడ మొదలైంది. గొట్టం నెలకోసారి మార్చాలి. మార్చిన రోజు బ్యాగులో నీళ్లు లేత ఎరుపు. రాత్రి ఒత్తిగిలితే గొట్టం మెలిపడి కడుపు ఉబ్బేది, వాళ్లమ్మ రెండింటికి లేచి సరిచేసేది. వాసన వస్తోందేమోనని వాడు అందరి పక్కనా కూర్చోవడం మానేశాడు. అలాంటప్పుడు మా ఊరి దగ్గరి డాక్టరు ఒకాయన "కెమెరాతో లోపలి గోడ కోసేస్తా, ఒక్కరోజులో ఇంటికెళ్లిపోండి" అన్నాడు. మామయ్య వెంటనే సరే అన్నాడు.

నేను ఒప్పుకోకపోవడానికి కారణం మా షాపు. ఆరేళ్లుగా ప్రతి నెలా మొదటి వారంలో ఒకాయన వస్తాడు, పన్నెండు క్యాథెటర్లు, రెండు ట్యూబుల జెల్లీ కొనుక్కుపోతాడు. ట్రాక్టర్ కింద పడ్డాడట. కెమెరాతో మూడుసార్లు కోయించుకున్నాడు. కోసిన ప్రతిసారీ కొన్ని వారాలు ధార బాగుండి మళ్లీ పూడుకుంటోంది. పూడకుండా రెండు రోజులకోసారి తనే గొట్టం దూర్చుకుంటున్నాడు. ఆయన్ని చూశాక ఆ "ఒక్కరోజు" ఎంత పొడుగో తెలిసింది. ముందు చెప్పిన గోడ ఇదే. గోడకి కన్నం పెడితే దారి దొరుకుతుంది గానీ, ఆ కన్నం చుట్టూ ఉన్నది మచ్చే. అది మళ్లీ దగ్గరికి లాక్కుంటుంది. పైగా ప్రతి కోతా ఇంకొంచెం మచ్చ పెంచుతుంది. రేపు జరగబోయే పెద్ద ఆపరేషన్‌కి అదే అడ్డం. కెమెరా కోత పనికొచ్చేది వేరే చోట: పెద్ద ఆపరేషన్ తర్వాత అతుకు దగ్గర చిన్న పొర లాంటిది వస్తే తియ్యడానికి.

పెద్ద ఆపరేషన్ పేరు యూరెత్రోప్లాస్టీ. కాళ్లు పైకెత్తి పడుకోబెట్టి వృషణాలకీ మలద్వారానికీ మధ్య కోస్తారు. మచ్చ మొత్తం తీసేస్తారు. కింది నాళం సాగుతుంది కాబట్టి విడదీసి పైకి లాగి, ప్రోస్టేట్ చివరకి కలిపి, చుట్టూ సన్నని కరిగే కుట్లు వేస్తారు. అందకపోతే పురుషాంగం మొదట్లో, స్తంభనప్పుడు గట్టిపడే రెండు స్తంభాలను విడదీసి దారి దగ్గర చేస్తారు. అప్పటికీ అందకపోతే కటి ముందు భాగం ఎముక అడుగు కొంచెం చెక్కుతారు. మెట్టు మెట్టుగా ముందుకు వెళ్లే ఈ పద్ధతిని వెబ్‌స్టర్ అనే సర్జన్ 1991లో సహచరుడితో కలిసి వివరంగా రాశాడు. నేటికీ చాలామంది ఆ మెట్లే ఎక్కుతున్నారు. చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర నూటికి 85 నుంచి 90 మందికి మొదటిసారే నిలుస్తుంది. మొదటిసారి చెడితే రెండోసారి అంత తేలిక కాదు. అందుకే ఇక్కడ నా తీర్పు గట్టిది: కెమెరా కోతలతో కాలక్షేపం వద్దు, మొదటి అవకాశాన్నే మంచి చేతిలో పెట్టండి.

మంచి చెయ్యి అంటే ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారని అడగడమే. అడిగితే కోప్పడే డాక్టరు దగ్గర చేయించుకోకపోవడం మేలు. బైకు ప్రమాదాలు ఎక్కువైన మన దేశంలోనే ఈ పనిలో గొప్ప అనుభవం పోగైంది. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రవాణా శాఖ లెక్క. పుణెలో డాక్టర్ సంజయ్ కులకర్ణి కేంద్రానికి మూత్రనాళ మరమ్మతుల్లో దేశవిదేశాల్లో పేరుంది. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లోనూ చేసేవాళ్లున్నారు. డబ్బు విషయానికొస్తే తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు, మాకు చేతి నుంచి పడింది ప్రయాణాలూ బసే.

ఆపరేషన్‌కి ముందు రెండు వైపుల నుంచీ రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే ముఖ్యం. కింది నుంచి ఒకటి, పొట్ట గొట్టంలోంచి ఇంకొకటి. మధ్యలో రంగుమందు కనబడని దూరమే తీసెయ్యాల్సిన మచ్చ. ఫిల్మును కిటికీ దగ్గర పట్టుకుని మావాడు వేళ్లతో కొలిచాడు: "బావా, ఇంతేనా? ఇంతకేనా ఐదు నెలలు?" రెండు సెంటీమీటర్లు ఉంటుంది.

ఆపరేషన్ అయిన మూడు వారాలకి రంగు పరీక్ష చేసి, కారకపోతే కింది గొట్టం తీశారు. పొట్ట గొట్టానికి మూత వేసి మూత్రం పొయ్యమన్నారు. బాత్రూంలో కుళాయి కట్టేసి వాడు, బయట నేను, ఇద్దరం ఆ చప్పుడు కోసం చెవులు పెట్టుకుని నిలబడ్డాం. తర్వాత ధార కొలిచే మిషన్ మీద సెకనుకి 19 మిల్లీలీటర్లు వచ్చింది. 15 దాటితే బాగున్నట్టే.

ఎవరూ అడగని సంగతి

డిశ్చార్జి కాగితాల్లో ధార ఉంది, కుట్లు ఉన్నాయి, యాంటీబయాటిక్స్ ఉన్నాయి. సంసారం గురించి ఒక్క మాట లేదు. ఇంట్లో కూడా లేదు. చివరికి ఆస్పత్రి మెట్ల మీద, నేలవైపు చూస్తూ వాడే అన్నాడు: "బావా, ఒక మాట. ఎవరితో అనకు. ప్రమాదం అయినప్పటి నుంచీ పొద్దున్నే... ఏమీ లేదు." నాన్నతో చెప్పలేనిది, అన్నతో చెప్పలేనిది, బావతో చెప్పగలిగాడు. పైగా వాడి భయం ఆపరేషన్ వల్లే పోతుందేమోనని. అందుకే రెండు వారాలు ఆపరేషన్ డేటు దాటవేశాడట, మాకు తెలియలేదు.

అడిగితే డాక్టరు చెప్పింది ఇది. స్తంభన పోవడానికి ఎక్కువ కారణం దెబ్బే. ఎముకలు జరిగినప్పుడే ఆ నరాలూ రక్తనాళాలూ దెబ్బతింటాయి. తర్వాత చేసే ఆపరేషన్ వల్ల ఆ నష్టం పెద్దగా పెరగదు. చాలామందికి రెండేళ్ల దాకా మెల్లగా తిరిగి వస్తూ ఉంటుంది. ఈలోపు సిల్డెనాఫిల్, టడాలాఫిల్ మాత్రలు సాయపడొచ్చు. గుండెకి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం వాటిని ముట్టకూడదు. అప్పటికీ రాకపోతే ఇంజెక్షన్, వాక్యూమ్ పంపు, చివరికి లోపల పెట్టే ఇంప్లాంట్ ఉన్నాయి. దీన్ని కొలవడానికి ఐదు ప్రశ్నల కాగితం ఉంది, మొత్తం 25 మార్కులు, 22 గానీ అంతకు మించి గానీ వస్తే మామూలు. ఆపరేషన్‌కి ముందే అది నింపిస్తే దెబ్బ వల్ల పోయిందెంతో, తర్వాత మారిందెంతో తెలుస్తుంది. మావాడు మొదట తొమ్మిది దగ్గర ఉన్నాడు. ఏడాదికి మాత్రతో పంతొమ్మిది.

ఆపరేషన్ వద్దనుకుని పొట్ట గొట్టంతోనే ఉండిపోవడమూ ఒక దారే. 75 ఏళ్ల మనిషి, మంచం దిగలేనివాడు, గుండె మత్తు తట్టుకోదన్నవాడు గొట్టంతో ఉంటే తప్పేమీ లేదు. ఇన్ఫెక్షన్లూ రాళ్లూ వస్తాయి, నెలనెలా మార్చుకోవాలి, అయినా బతుకు సాగుతుంది. పొలం పనో డ్రైవింగో చేసుకునే పాతికేళ్ల కుర్రాడికి మాత్రం అది శిక్షే.

మావాడి ఫైలులో నేను ఎర్ర పెన్నుతో ఒక జాగ్రత్త రాసిపెట్టాను. మూత్రాన్ని ఆపే తలుపులు రెండుంటాయి. కింది తలుపు తెగిన చోటే ఉంటుంది కాబట్టి చాలామందిలో పాడవుతుంది, ఆపేది ఇక మూత్రాశయం మెడ ఒక్కటే. అరవై దాటాక ప్రోస్టేట్ పెరిగి ఎవరైనా కెమెరాతో చెక్కించుకోమంటే, ఆ మెడ కూడా పోయి మూత్రం ఆగకుండా కారే ప్రమాదం ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత వాడికి గుర్తుంటుందో లేదో, నేనుంటానో లేదో. ఫైలు బీరువాలో పెళ్లి పత్రికల కింద ఉంది, మా చెల్లెలికి చూపించాను.