పాత లెదర్ బ్యాగులకు కొబ్బరి నూనె రాయకండి: నాలుగేళ్ల వాడకం తర్వాత చెప్తున్న మాట

నల్లకుంటలో ఇల్లు ఖాళీ చేసి ఉప్పల్ వైపు ఫ్లాట్‌కి మారేటప్పుడు, బీరువా పైఅరలోంచి మా అత్తయ్య హ్యాండ్‌బ్యాగ్ బయటపడింది. ఆవిడ కోఠీలో బ్యాంకు ఉద్యోగం చేసిన రోజుల్లోది. తేనె రంగు లెదర్, ఇత్తడి బకిల్, భుజానికి తగిలించుకునే పొడుగాటి పట్టీ. పాలిథిన్ కవర్లో చుట్టి, లోపల నాలుగు కలరా ఉండలు వేసి ఇరవై ఏళ్లు అలాగే ఉంచేశారు. తెరిచేసరికి ఆ వాసనకి కళ్లు మండాయి. మూత మడత పడే చోట తోలు ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది. లోపలి జేబులో యాదగిరిగుట్ట కుంకుమ పొట్లం, సిటీ బస్సు టికెట్లు రెండు, కారిపోయిన బాల్‌పెన్ను ఒకటి.

పారేద్దామా అంటే అత్తయ్య ఒప్పుకోలేదు. "మొదటిసారి డీఏ అరియర్స్ వచ్చినప్పుడు కొన్నానమ్మా" అన్నారు. ఇంక ఆ మాట తర్వాత ఏం పారేస్తాం?

అలా మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు బ్యాగులు నా చేతి మీదుగా వెళ్లాయి. కొన్ని ఇంట్లోవి, కొన్ని చుట్టాలవి, మూడు ఎర్రగడ్డ ఆదివారం సంతలో బేరమాడి తెచ్చినవి. ఏడు ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. రెండు నేనే పాడుచేశాను. మిగిలిన రెండూ అసలు లెదరే కాదు, ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

ముందు ఆ రెండింటి గురించే చెప్తాను, ఎందుకంటే చాలామంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే. పైపొర పొట్టులా లేచిపోతున్న నల్ల బ్యాగ్ ఒకటి పట్టుకుని నారాయణగూడలో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని చేతిలోకి కూడా సరిగ్గా తీసుకోలేదు. గోటితో అంచు మీద ఒకసారి గీకి, "మేడం, గిది తోలు గాదు, రెగ్జిన్. ఎన్ని పైసలు పెట్టినా నిల్వది" అన్నాడు. నేను నమ్మకుండా ఇంటికొచ్చి రెండు రకాల క్రీములు రాశాను. పొట్టు ఇంకా తొందరగా రాలింది. గుడ్డ మీద ప్లాస్టిక్ పూత వేసి తయారుచేసే ఆ సరుకు గాల్లోని తేమకే కొన్నేళ్లలో విడిపోతుంది, దానికి తిండి పెట్టే కండిషనర్ అంటూ ఏదీ లేదు. కత్తిరించిన అంచు చూడండి: తోలైతే పీచులు పీచులుగా ఉంటుంది, రెగ్జిన్ అయితే లోపల నేత గుడ్డ కనబడుతుంది. మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు "చెప్పిన గదా అన్నట్టు" ఒక చూపు చూశాడు. ఇప్పుడు కుట్లన్నీ ఆయన దగ్గరే వేయిస్తున్నాను. మైనం పట్టించిన దారంతో పాత రంధ్రాల్లోంచే కుట్టమంటే విసుక్కోకుండా కుడతాడు.

ఇక కొబ్బరి నూనె. అత్తయ్య మొదటి రోజే అన్నారు, "కాస్త కొబ్బరి నూనె రాయమ్మా, మెత్తబడుతుంది" అని. రాశాను. నిజంగానే మెత్తబడింది, ఒక్క పూటలో. నెర్రెలు కనబడకుండా పోయాయి, తేనె రంగు చిక్కబడి బెల్లం రంగుకు తిరిగింది. ఇంట్లో అందరం మెచ్చుకున్నాం. వారం తిరిగేసరికి పట్టీ జిడ్డోడుతూ, రోడ్డు మీది దుమ్మంతా పట్టుకుంది. అసలు తమాషా డిసెంబరులో. ఒక పొద్దున బ్యాగ్ మీద తెల్లగా పొర కట్టి ఉంది. బూజు అనుకుని హడలిపోయాను. అదే రోజు బాత్‌రూమ్‌లో కొబ్బరి నూనె సీసా తలకిందులు చేస్తే చుక్క రాలేదు, గడ్డకట్టింది. అప్పుడు వెలిగింది. కొబ్బరి నూనె 24 డిగ్రీలకు అటూ ఇటూగా గడ్డకడుతుంది, సీసాలో కట్టిన గడ్డే బ్యాగ్ మీదా కట్టింది. హెయిర్ డ్రయ్యర్ దూరం నుంచి గోరువెచ్చగా చూపిస్తే పొర కరిగి లోపలికి పోయింది. బూజైతే అలా కరగదు. ఆ రెండింటికీ తేడా తెలియనప్పుడు ఇప్పటికీ నేను చేసే పరీక్ష ఇదే. కరిగిన నూనె మాత్రం ఎక్కడికీ పోదు, లోపలే ఉండి మళ్లీ చలికాలం పైకి వస్తుంది. అత్తయ్య బ్యాగ్ రంగు ఈ రోజుకీ పాత తేనె రంగుకు తిరిగి రాలేదు.

తర్వాత వాడింది బిక్ 4 అనే లెదర్ కండిషనర్. బిక్‌మోర్ అని 1882 నుంచి ఉన్న అమెరికా కంపెనీది. తెల్లగా, పల్చటి పాలమీగడలా ఉంటుంది. దిగుమతి సరుకు కాబట్టి ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, కానీ 236 మిల్లీలీటర్ల సీసా నాకు రెండేళ్లకు పైగా వచ్చింది, ఇప్పుడు రెండోది సగంలో ఉంది. దీనిలో నాకు నచ్చింది ఒక్కటే: రంగు ముదరదు. రాసిన కాసేపు తడి మచ్చలా నల్లగా కనబడుతుంది, ఆరాక పాత రంగే. మెరుపు కూడా పెద్దగా రాదు, ఫొటోల్లో తళతళలాడాలంటే ఇది నిరాశపరుస్తుంది. నెర్రెలు మాయం చేస్తుందా అంటే చేయదు, ఏ కండిషనరూ చేయదు. అక్కడ పీచు తెగిపోయింది, తెగిన పీచు నూనెతో అతుక్కోదు. ఇంకా నెర్రెలివ్వని చోటును కాపాడటమే దాని పని.

వాడే పద్ధతి గురించి సీసా మీద ఉన్నదానికి నా అనుభవం నుంచి ఒకటి కలుపుతాను. మామయ్య పాత పంచె ముక్కని వేలికి చుట్టుకుని, బఠాణీ గింజంత తీసుకుని, ముందు గుడ్డకే పట్టించి ఆ తర్వాత బ్యాగ్ మీద తుడుస్తాను. నేరుగా తోలు మీద వేస్తే పడిన చోట మరక నిలబడుతుంది. ఒక పూత, ఒక రాత్రి. పొద్దున ఇంకా పొడిగా అనిపిస్తేనే రెండోది. మొదటి ఏడాది నేను ఒకే సాయంత్రం మూడు పూతలు వేసి ఒక బ్యాగ్‌ని వడిలిన అరిటాకులా చేశాను. పాడుచేసిన రెండింటిలో అదొకటి. దాని నిలువు పోయింది, బల్ల మీద పెడితే కూలబడుతుంది.

గుర్రపు జీనులు కడిగే సబ్బు కూడా కొన్నాను. అది మందపాటి జీను తోలుకు చేసిన సరుకు. సబ్బుది క్షార గుణం, తోలుది స్వతహాగా ఆమ్ల గుణం. పల్చటి హ్యాండ్‌బ్యాగ్‌ని దాంతో తోమితే ఎండిపోయి గరగరలాడుతుంది. ఇప్పుడది నా కొల్హాపురీ చెప్పులకు వాడుతున్నాను.

ఇత్తడి దగ్గర చేసిన తప్పు మాత్రం నా జన్మలో మరిచిపోను. ఇత్తడి అంటే మన ఇళ్లలో చింతపండే కదా. దేవుడి సామాన్లు తోమినట్టే అత్తయ్య బ్యాగ్ బకిల్‌కి చింతపండు గుజ్జు పట్టించి, పచ్చటి చిలుము మొండికేస్తోందని స్టీల్ పీచుతో నాలుగు రుద్దులు రుద్దాను. బకిల్ బంగారంలా వచ్చింది. పట్టీ కొంచెం తడిసింది, ఫ్యాన్ కింద పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే బకిల్ చుట్టూ ఆవగింజలంత నల్ల చుక్కలు, పదీ పదిహేను. తుడిస్తే పోవు, కడిగితే పోవు. మొదట కాలిన మచ్చలేమో అనుకున్నాను.

కారణం తెలిసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తంగేడు చెక్క, కరక్కాయ లాంటి వాటితో తోళ్లు పదును చేయడం మన దక్షిణాదిలో పాత విద్య. బతుకమ్మలో పేర్చే తంగేడు, మన రాష్ట్ర పువ్వు, దాని బెరడే. వీటిలో వగరు పదార్థం ఉంటుంది. దానికి తడిలో ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమితో గీత గీస్తే నల్లగా తేలుతుంది చూశారా, సరిగ్గా అదే. నేను స్టీల్ పీచుతో అత్తయ్య పట్టీ మీద కలంకారీ వేశానన్నమాట. నిమ్మరసంతో తగ్గుతుందంటారు కానీ పుల్లటి రసంతో ఒకసారి తగిలిన దెబ్బ చాలనిపించింది. ఇప్పుడు బకిల్ వెనక పాత విజిటింగ్ కార్డు దూర్చి, పొడి గుడ్డకి ఇత్తడి పాలిష్ చుక్క అంటించి వేలితో తుడుస్తాను. స్టీల్ పీచు బ్యాగుల దరిదాపులకు రానివ్వను. ఇంకొకటి, బకిల్ నిజం ఇత్తడో, పై పూతో ముందు చూసుకోండి. పూతైతే రుద్దినకొద్దీ కిందున్న తెల్ల లోహం బయటపడుతుంది. అయస్కాంతం అంటుకుంటే అది ఘన ఇత్తడి కానట్టే.

న్యూజెర్సీలో ఉండే మా పిన్ని 90ల్లో కొన్న నల్ల కోచ్ బ్యాగ్‌ది వేరే కథ. కోచ్ 1941లో న్యూయార్క్‌లో మొదలైన కంపెనీ. మూత మీద తిప్పి మూసే ఆ ఇత్తడి తాళం బానీ క్యాషిన్ అనే డిజైనర్ తెచ్చింది, తన కారు పైకప్పు బిగించే మర నుంచి వచ్చిన ఆలోచనట. ఈ పాత కోచ్ బ్యాగుల అభిమానులు వాటిని ఏకంగా నీళ్లలో ముంచి కడుగుతారు. వినగానే నేనూ "పిచ్చా?" అనుకున్నాను. నెల రోజులు ఆలోచించి, మున్సిపల్ నీళ్లు వచ్చే రోజు చూసుకుని చేశాను. మా బోరు నీళ్లు కుళాయి మీదే తెల్ల చారలు కడతాయి, నల్ల తోలు మీద ఊహించుకోండి. గోరువెచ్చటి నీళ్లు ఒక బకెట్, గిన్నెలు తోమే లిక్విడ్ మూడు చుక్కలు. ముంచగానే నీళ్లు మొదటి డికాషన్‌లా అయ్యాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, రెండుసార్లు జాడించి, లోపల తువ్వాళ్లు కుక్కి ఆకారం సరిచేసి, నీడలో మూడు రోజులు ఆరబెట్టాను. తువ్వాళ్లు పూటకోసారి మార్చాలి. ఎండలో పెట్టాలన్న ఆశ పుడుతుంది, పెట్టకండి. హైదరాబాద్ ఎండకు అప్పడాలు, వడియాలు ఎండాల్సిందే కానీ తోలు ఎండకూడదు. కొద్దిగా చెమ్మ ఉండగా కండిషనర్ పట్టించాను. మడతలు విప్పుకుని, చేతికి వెన్నలా తగిలింది. పిన్నికి వీడియో కాల్‌లో చూపిస్తే "ఇది నాదేనా!" అంది.

అత్తయ్య బ్యాగ్‌కి ఇదే చేసి ఉంటే గట్టిపడి చెక్కలా అయ్యేది. ఏదైనా చేసేముందు అడుగున, కనబడని చోట ఒక్క నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలబడితే పైన పూత ఉన్నట్టు, ఇంకిపోయి నల్లగా మారితే అది నీళ్లకు దూరంగా ఉంచాల్సిన తోలు.

రంగు వేయడం గురించి నా సలహా: వేయకండి. నేను పాడుచేసిన రెండోది అదే. మా ఆడపడుచు గోధుమ రంగు బ్యాగ్ మూలలు తెల్లబోయాయని ఆన్‌లైన్లో రంగు తెప్పించి వేశాను. పాత పాలిష్ సరిగ్గా తీయలేదు, రంగు దిగకుండా పైన వేయాల్సిన సీలర్ తొందరలో పల్చగా వేశాను. చూడ్డానికి కొత్తదానిలా ఉంది. కూకట్‌పల్లిలో గృహప్రవేశానికి ఆ బ్యాగ్ తగిలించుకుని, పిస్తా రంగు మంగళగిరి చీర కట్టుకుని వెళ్లింది. భోజనాల దగ్గర ఎవరో చెప్పేదాకా చూసుకోలేదు. నడుము పక్కన అర్ధచంద్రాకారంలో గోధుమ మరక. చీర నేను కొనిచ్చాను. బ్యాగ్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, తెల్ల గుడ్డతో రుద్దితే ఇంకా రంగు దిగుతూనే ఉంది.

లోపలి గుడ్డ, వాసన అంత కష్టం కాదు. కలరా ఉండలు గాల్లో కలిసిపోయే సరుకే, నీడపట్టున బాల్కనీలో నోరు తెరిచి మూడు వారాలు ఉంచితే వాసన చాలావరకు పోయింది. వంట సోడా గుడ్డ మూటలో కట్టి పెట్టాను, నేరుగా చల్లలేదు. కుంకుమ మరక మాత్రం పోలేదు.

వానాకాలమే అసలు పరీక్ష. జూలై, ఆగస్టుల్లో మూసిన బీరువాలో వారం ఉంచితే చాలు, బూజు పట్టేస్తుంది. మొదటి ఏడాది మూడింటికి పట్టింది. బయటికి తీసుకెళ్లి, ముక్కుకి గుడ్డ కట్టుకుని పొడి బ్రష్‌తో దులిపి, పిండిన తడి గుడ్డతో తుడిచి ఫ్యాన్ కింద పెట్టాను. ఇప్పుడు పాలిథిన్ కవర్లన్నీ తీసేశాను. పాత నూలు దిండు గలీబుల్లో పెడతాను, లోపల సిలికా జెల్ పొట్లాలు, పది రోజులకోసారి గాలికి బయట. కండిషనర్ ఏడాదికి రెండుసార్లే, మే నెలాఖరులో ఒకటి, దసరా అయ్యాక ఒకటి.

పెన్ను సిరా మరక మీద సర్జికల్ స్పిరిట్ ప్రయత్నించాను. ముందు అడుగున రాసి చూస్తే దూదికి సిరా రంగు కాదు, తోలు రంగు వచ్చింది. ఆపేశాను. అత్తయ్యకి చూపిస్తే, "ఉండనీ, అది ఇయర్ ఎండింగ్ నాటిది" అన్నారు.

మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఆవిడ ఆ బ్యాగ్ తగిలించుకునే బ్యాంకుకి వెళ్లారు. పాత కొలీగ్ ఒకావిడ గుర్తుపట్టి, పట్టీ మీద ఆ నల్ల చుక్కలేమిటని అడిగారట. మొహమాటం లేకుండా నా పేరు చెప్పి వచ్చారు.