గుడ్ల పెట్టెలో మూడేళ్లు: డీఎస్18బీ20 సెన్సర్, ఆ మైనస్ 127

మూడేళ్లుగా మా నాటుకోడి గుడ్ల ఇంక్యుబేటర్‌లో వేడి కొలవడానికి ఈ డీఎస్18బీ20 సెన్సరే వాడుతున్నాను. థర్మాకోల్ పెట్టె, రెండు బల్బులు, చిన్న ఫ్యాను, బల్బులను వెలిగించి ఆర్పే రిలే, ప్రోగ్రాము నడిపే ఆర్డుయినో యూనో బోర్డు. నా సరంజామా అంతా ఇదే. ఏ వైరు ఎక్కడ కలపాలి, 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఎక్కడ పెట్టాలి అని చూపించే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి ఆ జోలికి పోవడం లేదు. సెన్సర్ వైరు ఊడిపోయినా ప్రోగ్రాముకు ఒక అంకె వస్తూనే ఉంటుంది. ఆ ఒక్క సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మంచి చెబుతాను. గుడ్లకు 37.5 డిగ్రీలు కావాలి. వేడి కొలిచే ఇంకో సెన్సర్ డీహెచ్‌టీ11 రెండు డిగ్రీలు అటూ ఇటూ చూపిస్తుంది, ఈ పనికి రాదు. ఎల్‌ఎం35 అనే మరో సెన్సర్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులే ఇస్తుంది, మా ఫ్యాను తిరిగితే చాలు అంకె గంతులు వేసేది. డీఎస్18బీ20 పెట్టిన రోజు అంకె కుదురుగా నిలబడింది. స్టీలు గొట్టంలో వచ్చే రకం కొన్నాను, తడికీ భయం లేదనుకున్నాను. మొదటి రెండు విడతలూ పిల్లలు బాగా దిగాయి.

మూడో విడతలో 36 గుడ్లు. అమ్మ పది రోజులు ఏరి దాచినవి. పదిహేనో రోజు రాత్రి పదకొండింటికి మూత తీసి గుడ్లు తిప్పి పడుకున్నాను. తిప్పేటప్పుడు డిస్‌ప్లే మీద 37.5 ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు అమ్మ కళ్లాపి చల్లడానికి లేచి, పెట్టె మీద చెయ్యి వేసి కేక పెట్టింది. "ఒరేయ్, పెట్టె కాలిపోతోందిరా!"

డిస్‌ప్లే మీద -127.00 అని ఉంది. బల్బులు రెండూ వెలుగుతున్నాయి. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ లోపల పెడితే అంకె కూడా రాలేదు, వేడి దాని కొలతకు మించిపోయిందని గుర్తు చూపించింది. ముందు రోజు టార్చి పెట్టి చూసినప్పుడు గుడ్లలో నరాలు కనిపించాయి, పిల్ల కదిలింది. ఆ ఉదయం ఒక్కదానిలోనూ కదలిక లేదు. అమ్మ ఏమీ అనలేదు. వాటిని ఒక్కొక్కటే బుట్టలోకి తీసి పెట్టింది.

కారణం వెతికితే చిన్నదే. వైరు పొట్టిగా ఉందని పెట్టె లోపలే ఇంకో మూర వైరు మెలేసి టేపు చుట్టాను. గుడ్ల కోసం పెట్టిన నీళ్ల పళ్లెం తేమకు ఆ అతుకులో రాగి ఆకుపచ్చగా చిలుము పట్టింది. మూత తీసినప్పుడు పసుపు వైరు, అంటే డేటా వైరు, కాస్త లాగినట్టుంది. అక్కడితో తెగింది. సెన్సర్ నుంచి జవాబు రాకపోతే లైబ్రరీ, అంటే సెన్సర్‌ను చదవడానికి మనం వాడుకునే రెడీమేడ్ కోడ్, మైనస్ 127 అని ఇస్తుంది. నా ప్రోగ్రాములో రాసింది "37.3 కంటే తక్కువైతే బల్బులు వెలిగించు" అని. మైనస్ 127 తక్కువే కదా, బోర్డు రాత్రంతా వెలిగించింది.

అంటే తడికి భయం లేదన్నది స్టీలు గొట్టం వరకే. మన అతుకుకు ఆ హామీ లేదు. ఇప్పుడు సోల్డరింగ్ చేసి, హీట్‌ష్రింక్ ట్యూబు తొడిగి, అతుకు పెట్టె బయటే ఉంచుతున్నాను.

ఇంకో అంకె 85. కరెంటు అందగానే, ఇంకా కొలవకముందు సెన్సర్‌లో ఉండే విలువ అది. ఎర్ర వైరు, అంటే సెన్సర్‌కు కరెంటు ఇచ్చే వైరు, వదులైనప్పుడు రిలే కొట్టుకున్నప్పుడల్లా నాకు ఇదే వచ్చేది. 85 వస్తే బల్బులు ఆరిపోతాయి, కాసేపు చల్లబడితే గుడ్లకు పెద్ద నష్టం లేదు. పొదిగే పెట్ట కూడా మేతకు లేచి వెళుతుంది కదా.

ఇప్పుడు నా ప్రోగ్రాములో 20కి తక్కువ, 45కి ఎక్కువ ఏ అంకె వచ్చినా నమ్మను. బల్బులు ఆగి బజర్ మోగుతుంది. రెండో సెన్సర్ కూడా అదే డేటా వైరుకు కలిపాను. ప్రతి సెన్సర్‌కూ సొంత చిరునామా ఉంటుంది కాబట్టి ఇంకో పిన్ను అక్కర్లేదు, ఇది మాత్రం నిజంగా హాయి. వీటన్నిటికీ తోడు బల్బుల కరెంటు దారిలోనే వేడెక్కితే దానంతటదే కరెంటు ఆపేసే 45 డిగ్రీల థర్మల్ స్విచ్ ఒకటి వేశాను. 40ది వేద్దామనుకున్నాను గానీ ఈ స్విచ్‌లు కొన్ని డిగ్రీలు ముందే తెగిపోవచ్చు. 45 గుడ్లకు ఎక్కువే, కానీ పెట్టె అంటుకోకుండా ఆపుతుంది.

మొదట్లో దశాంశాలు చూసి మురిసిపోయాను. మెట్టు 0.0625 డిగ్రీలే అయినా, ఖచ్చితత్వం అర డిగ్రీ అటూ ఇటూ. నా దగ్గరున్న మూడింటినీ గోరువెచ్చని నీళ్ల గ్లాసులో కలిపి ముంచితే 0.4 తేడా వచ్చింది. జ్వరం థర్మామీటర్‌ను పక్కనే పెట్టి ఆ తేడాను ప్రోగ్రాములో సరిచేసుకున్నాను. గుడ్లకు కావలసిన వేడి దాని కొలతలోనే ఉంది కాబట్టి ఇది కుదిరింది.

నాలాగా మీటరు వైరుతో, ఇంటి వసారాలో, 37 డిగ్రీల దగ్గర పనైతే ఇదే కొనమంటాను. నాకు 85 ఎప్పుడూ అబద్ధమే కాబట్టి తేలిగ్గా తోసేశాను. నీళ్లు కాచే పనికి వాడేవాళ్లకు 85 నిజం కూడా కావచ్చు, వాళ్లు నా పద్ధతిని ఇలాగే దించుకోవద్దు. మా ఇంట్లో మాత్రం ఇన్ని కాపలాలు పెట్టాక కూడా, కళ్లాపికి లేచినప్పుడు అమ్మ పెట్టె మీద చెయ్యి వేసే బయటికి వెళుతుంది.