స్ఫటికం కోసం ప్రయాణం: జైపూర్, ఖంభాత్, పత్తర్‌గట్టి

జపానికి స్ఫటిక మాల, వేలికి ఉంగరం, గుప్పిట్లో పెట్టుకోవడానికి ఒక నున్నటి రాయి. వీటికోసం మనవాళ్లు ముందుగా వెళ్లేది గుడి ముందున్న దుకాణానికి, లేదంటే ఫోన్లో ఆర్డరు పెడతారు. రెండుచోట్లా స్ఫటికమని చెప్పి గాజు అంటగట్టడం మామూలైపోయింది. ఎలాగూ ఉత్తరాదికి వెళ్తుంటే రాయిని కోసే ఊళ్లోనే చూసి కొనడం మంచిది. అయితే బయలుదేరే ముందే రాయిని గుర్తుపట్టడం కొంచెం నేర్చుకోవాలి.

‘చూడండి, ఎంత బరువుందో, ఇది అసలైనదే’ అని మాల చేతిలో పెడతారు. ఆ మాట నమ్మక్కర్లేదు. 8 మిల్లీమీటర్ల పూసలు 108 ఉన్న స్ఫటిక మాల దాదాపు 70 నుంచి 75 గ్రాములు తూగుతుంది. మామూలు గాజు మాల కూడా ఇంచుమించు అంతే తూగుతుంది. బరువుతో పట్టుబడేది ప్లాస్టిక్ ఒక్కటే, అది 35 గ్రాములు దాటితే గొప్ప. చెంపకు ఆనిస్తే స్ఫటికం చల్లగా ఉండి, ఆ చల్లదనం కాసేపు నిలుస్తుంది. గాజు త్వరగా వెచ్చబడుతుంది. 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం కిందైతే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. లోపల గుండ్రటి గాలిబుడగలు కనిపిస్తే అది గాజు. సన్నటి పొగలాంటి తెరలు, ఈకల్లాంటి చీలికలు కనిపిస్తే స్ఫటికమయ్యే అవకాశం ఎక్కువ. గోళం కొనేటప్పుడు దాని కింద ఒక తల వెంట్రుక పెట్టి, పైనుంచి చూస్తూ గోళాన్ని మెల్లగా తిప్పండి. స్ఫటికమైతే ఏదో ఒక కోణంలో వెంట్రుక రెండుగా కనిపిస్తుంది. గాజులో ఎంత తిప్పినా ఒక్కటే. ఫ్యాక్టరీలో పెంచిన క్వార్ట్జ్ (స్ఫటికం ఈ ఖనిజమే) మాత్రం ఈ పరీక్షలన్నీ నెగ్గుతుంది. దాన్ని తేల్చాలంటే ల్యాబు పరికరాలే దిక్కు.

జైపూర్‌కు హైదరాబాద్ నుంచి విమానంలో రెండు గంటలు, రైల్లో సుమారు రోజున్నర. రాళ్ల వ్యాపారమంతా పాతబస్తీలోని జౌహరీ బజార్, దానికి ఆనుకున్న గోపాల్‌జీ కా రాస్తా, హల్దియోం కా రాస్తా సందుల్లో నడుస్తుంది. మెట్రోలో బడీ చౌపడ్ స్టేషన్లో దిగితే అక్కణ్నుంచి నడకే. ఆటో ఎక్కితే డ్రైవరు తనకు కమీషన్ ఇచ్చే షోరూమ్ ముందే ఆపుతాడు. ఆ కమీషన్ చివరికి మన బిల్లులోనే పడుతుంది. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి సోమవారం పొద్దున చేరేలా చూసుకోండి.

బస విషయానికొస్తే, రాళ్ల పనికి వెళ్లేవారికి పాతబస్తీలోని గదులు దగ్గరే, కానీ రాత్రి దాకా హారన్ల మోత, కారు లోపలికి తేవడం కష్టం. పెద్దవాళ్లు వెంట ఉంటే బనీ పార్క్ వైపు పాత హవేలీల్లో నడిపే గెస్ట్‌హౌస్‌లు నయం. ప్రశాంతంగా ఉంటాయి, రైల్వే స్టేషన్, సింధీ క్యాంప్ బస్టాండ్ కూడా దగ్గరే. ‘క్రిస్టల్ హీలింగ్ ప్యాకేజీ’ అని విడిగా డబ్బు తీసుకునే రిసార్టులు కూడా ఉన్నాయి. గంటసేపు నిశ్శబ్దంగా పడుకోబెట్టి ఒంటి మీద రాళ్లు పేరుస్తారు. విశ్రాంతి దొరికే మాట నిజమే, కానీ ఆ డబ్బుతో మంచి రాయికి ల్యాబు రిపోర్టే తీసుకోవచ్చు.

ఇక తూకం. జైపూర్‌లో ధర కొందరు క్యారెట్‌కు చెబుతారు, కొందరు రత్తీకి. రాళ్ల బజారులో వాడే పక్కీ రత్తీ సుమారు 0.91 క్యారెట్. మన జ్యోతిష్కుడు ఐదుంపావు రత్తీలు రాసిస్తే అది 4.78 క్యారెట్లే. దుకాణంలో 5.25 క్యారెట్ల రాయి చూపించి ‘సరిగ్గా మీ లెక్కే’ అంటే పది శాతం దాకా ఎక్కువ కొంటున్నట్టు. బేరం మొదలుపెట్టే ముందే స్కేలు మీద గ్రాములు చూపించమనండి. గ్రాములను 5తో గుణిస్తే క్యారెట్లు.

పేర్ల దగ్గర కూడా మోసపోతాం. పుష్యరాగం అడిగితే ‘సునేలా’ చేతిలో పెడతారు. అది సిట్రిన్, అంటే పసుపు రంగు క్వార్ట్జ్. చాలాసార్లు అమెథిస్ట్‌ను, అంటే ఊదారంగు క్వార్ట్జ్‌ను కాల్చి తెచ్చిన పసుపే అది. కనకపుష్యరాగం కెంపు, నీలం లాగే కురువింద జాతి రాయి, అక్కడ దాన్ని పుఖ్‌రాజ్ అంటారు. రెండింటి ధరకు పొంతనే ఉండదు. వైడూర్యం కావాలంటే లహ్సునియా అని అడగాలి. జర్కన్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం క్యూబిక్ జిర్కోనియా అనే కృత్రిమ రాయి. జిర్కాన్ అనే సహజ రాయి వేరే ఉంది.

కెంపు కొనేవారు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. పగుళ్లలో సీసపు గాజు నింపిన కెంపులు పెద్దగా, ఎర్రగా, చవగ్గా దొరుకుతాయి. భూతద్దం కింద అటూ ఇటూ తిప్పితే పగులు దగ్గర నీలిరంగు మెరుపు, చదునైన బుడగలు కనిపిస్తాయి. కంసాలి మంటకో ఆమ్లానికో తగిలితే ఆ గాజు కరిగి రాయి గరుకుగా అవుతుంది, నిమ్మరసం కూడా దాన్ని తింటుంది. పచ్చకు నూనె పట్టించడం అనాదిగా ఉన్నదే. రంగులేని నూనె పట్టించామని చెప్పి అమ్మితే తప్పు లేదు. ఆకుపచ్చ రంగు కలిపిన ‘జోబన్’ నూనెతోనే ముప్పు. తెల్ల దూది తడిపి పచ్చను తుడిస్తే కొన్నిసార్లు రంగు దూదికి అంటుకుంటుంది.

అందుకే ఖరీదైన రాయికి ల్యాబు రిపోర్టు తప్పనిసరి. రత్నాల ఎగుమతి మండలి 1972లో పెట్టిన పరీక్షా కేంద్రం జైపూర్‌లోనే ఉంది. రిపోర్టులో ‘నేచురల్’ అన్న మాట చూసి ఊరుకోకండి, దాని కింద ట్రీట్‌మెంట్ గురించి రాసిన వాక్యం చదవండి. గాజు నింపిన కెంపుకూ, నూనె పట్టిన పచ్చకూ సంగతంతా ఆ వాక్యంలోనే ఉంటుంది. దుకాణదారు ముందే తీసి పెట్టిన కార్డు చూపిస్తే, అందులోని బరువు, కొలతలు చేతిలోని రాయితో సరిపోల్చి, నంబరును ల్యాబు వెబ్‌సైట్లో చూడండి. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చిన మనవాళ్లకు ఒక మాట: పరిచయం పెంచుకుని, ‘ఈ రాళ్ల పొట్లం మీ పేరున తీసుకెళ్లండి, అక్కడ మా మనిషి రెట్టింపు ఇస్తాడు’ అంటే అది పాత మోసం. టీ కూడా తాగకుండా లేచి వచ్చేయండి.

గుప్పిట్లో పట్టుకునే రాళ్లు, ఎర్రటి అకీకు (అగేట్) పూసలు కావాలంటే జైపూర్ కన్నా గుజరాత్‌లోని ఖంభాత్‌కు వెళ్లడమే సబబు. ఈ పని అక్కడ వేల ఏళ్లుగా సాగుతోంది. దగ్గర్లోని లోథల్‌లో హరప్పా కాలపు పూసల కార్ఖానా బయటపడింది. సికింద్రాబాద్ నుంచి రైల్లో వెళ్లి ఆనంద్‌లో దిగితే అక్కణ్నుంచి ఖంభాత్‌కు లోకల్ రైలు, బస్సులు ఉన్నాయి. ఖంభాత్‌లో బస అంతంత మాత్రమే. ఆనంద్‌లో గానీ వల్లభ్ విద్యానగర్‌లో గానీ దిగి, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

ముడి రాయి భరూచ్ జిల్లా రతన్‌పూర్ వైపు నుంచి వస్తుంది. తవ్వి తీసినప్పుడు అది మట్టి రంగులో, చూడబుద్ధి కాకుండా ఉంటుంది. ఎండలో ఆరబెట్టి, మట్టికుండల్లో పెట్టి, మెల్లటి సెగ మీద కాలుస్తారు. రాయిలోని ఇనుము రంగు మారి ఎరుపు తేలుతుంది. సెగ తొందరపడితే లోపలి తేమ ఆవిరై రాయి పగిలిపోతుంది. తర్వాత పనివాడు నేలలో పాతిన ఇనుప మేకు మొనకు రాయిని ఆనించి, గేదె కొమ్ము తలగా బిగించిన సుత్తితో తడతాడు. దెబ్బ పడేది ఇవతలి వైపు, పెచ్చు ఊడేది అవతల మేకు ఆనిన చోట. పది పన్నెండు దెబ్బల్లో పూస ఆకారం వచ్చేస్తుంది.

ఆ తర్వాత సాన. అక్కడే ప్రాణాలు పోతున్నాయి. పొడి సాన మీద అరగదీసినప్పుడు లేచే తెల్లటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కడుతుంది. సిలికోసిస్‌కు మందు లేదు, క్షయ కూడా త్వరగా పట్టుకుంటుంది. పని ఇళ్లలోనే కావడంతో భార్యాపిల్లలూ అదే గాలి పీలుస్తారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఈ కార్మికుల మీద ఎన్నో ఏళ్లుగా అధ్యయనాలు చేసింది. మన మనశ్శాంతి కోసం కొనే రాయి ఇంకొకరి ఊపిరి తీయకూడదు కదా. కాబట్టి కొనేచోట సాన చూపించమని అడగండి. చక్రం మీద నీళ్లు పడుతున్నాయా, దుమ్ము లాగే గొట్టం, ఫ్యాను ఉన్నాయా చూడండి. ఉన్నచోట పూసకు నాలుగు రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనండి. ‘సాన చూపించం’ అంటే ఇంకో గడప ఎక్కండి.

ఇంటికి తెచ్చాక ఈ రాళ్లు ఏం చేస్తాయి? లండన్ గోల్డ్‌స్మిత్స్ కాలేజీలో క్రిస్టఫర్ ఫ్రెంచ్ 80 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2001లో బయటికొచ్చాయి. కొందరికి అసలు స్ఫటికం, కొందరికి నకిలీది ఇచ్చి ధ్యానం చేయించారు. వెచ్చదనం, జలదరింపు లాంటివి రెండు జట్లవాళ్లూ ఒకేలా చెప్పారు. అంటే ఆ అనుభూతి రాయి వల్ల వచ్చింది కాదు. రాయి బీపీని, షుగరును కూడా తగ్గించదు. మాత్రలు మానొద్దు. రోజూ ఒకే వేళకు ఫోన్ పక్కన పెట్టి 108 పూసలు మెల్లగా తిప్పితే మాత్రం ఊపిరి నెమ్మదిస్తుంది, మనసు కుదుటపడుతుంది. స్ఫటికం చల్లదనం ఆ పనికి బాగా నప్పుతుంది.

రాళ్లన్నింటినీ ఉప్పునీళ్లలో నానబెట్టే అలవాటు మానుకోవాలి. ముత్యం, పగడం, పచ్చ, ఫిరోజా (టర్కాయిస్) పాడవుతాయి, సెలెనైట్ నీళ్లలో కరుగుతుంది. మాలకైట్‌లో రాగి ఉంది కాబట్టి దాన్ని తాగునీళ్లలో వేయొద్దు. అమెథిస్ట్, రోజ్ క్వార్ట్జ్ ఎండలో రోజుల తరబడి ఉంచితే వెలుస్తాయి. స్ఫటిక గోళాన్ని కిటికీలో పెడితే ఎండను ఒకచోటికి చేర్చి కర్టెన్‌కు నిప్పంటించగలదు. గుడ్డ కప్పి ఉంచండి.

పత్తర్‌గట్టి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. చార్మినార్ పక్కనే, ముత్యాలకు పేరు. ఇప్పుడు అమ్మేవాటిలో ఎక్కువ భాగం చైనా మంచినీటి ముత్యాలే. పంటికి రుద్దితే సన్న ఇసుకలా గరగర తగిలితే ముత్యమే, నున్నగా జారితే నకిలీ. మనకు అక్కడ పనికొచ్చే సేవ గుచ్చడం. రోజూ తిప్పే మాలకు స్ఫటిక పూస రంధ్రం అంచు దారాన్ని కోస్తూ ఉంటుంది, ఏడాదికోసారి దారం మార్పించాలి. పూస పూసకూ మధ్య ముడి వేయమని ముందే చెప్పండి. అప్పుడు దారం తెగినా జారేది ఒక్క పూసే. 108 లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి.