పదివేలు పెట్టి చార్జింగ్ యార్డు టోకెన్లు కొన్నాను: ఏడు నెలల తర్వాత

ఈ టోకెన్లు అమ్మే యాప్‌ను నడిపే సంస్థ పేరు రాయడం లేదు. వాళ్లతో నా ఉత్తరాలు ఇంకా నడుస్తున్నాయి. పైగా ఇదే పద్ధతిలో టోకెన్లు అమ్మేవాళ్లు మరికొందరు ఉన్నారు. డబ్బు పెట్టబోయేవాళ్లు పద్ధతి తెలుసుకుంటే చాలు.

ఆనందపురం దాటాక రోడ్డు పక్కన విద్యుత్ వాహనాలకు ఒక చార్జింగ్ యార్డు పెట్టారు. కంపెనీల సిబ్బందిని తీసుకెళ్లే మినీ బస్సులు, ప్రయాణికుల ఆటోలు అక్కడ ఆగుతాయి. యార్డు ఖర్చులో కొంత భాగాన్ని జనం నుంచి సేకరించి, వెయ్యి రూపాయలకు ఒక టోకెన్ చొప్పున ఇచ్చారు. అమ్ముడైన కరెంటు యూనిట్లను బట్టి నెలనెలా వాటా వస్తుంది. ఎవరికి ఎన్ని టోకెన్లు, ఏ రోజు ఎన్ని యూనిట్లు, ఎవరికి ఎంత జమ, అన్నీ బ్లాక్‌చెయిన్‌లో ఉంటాయని చెప్పారు. నేను పది టోకెన్లు కొన్నాను.

విశాఖలోనే ఒక బస్సు డిపోలో క్యాష్ సెక్షన్‌లో, తర్వాత అకౌంట్లలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా ఇల్లు, పిల్లల చదువులు బస్సు టికెట్ల డబ్బుతో వచ్చినవే. ఊళ్లో నాలుగు బస్సులు ఎక్కువ తిరుగుతాయంటే నా డబ్బు అందులో ఉండాలని అనిపిస్తుంది. వడ్డీ కోసమే అయితే సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 8.2 శాతం వస్తోంది, అక్కడే వేసి ఊరుకునేదాన్ని.

బ్లాక్‌చెయిన్ అంటే ఏమిటో మా చెల్లెలి కూతురు మొదట చెప్పినప్పుడు అర్థం కాలేదు. తర్వాత మా క్యాష్ బుక్కు గుర్తొచ్చింది. పేజీ అడుగున మొత్తం వేసి, ఆ మొత్తాన్నే తర్వాతి పేజీ పైన ‘ముందు పేజీ నుంచి తెచ్చినది’ అని రాసేవాళ్లం. వెనక పేజీలో ఒక్క అంకె దిద్దినా ఆ తర్వాతి పేజీలన్నీ తప్పుతాయి. ఇక్కడా అంతే. ప్రతి బ్లాకులో, అంటే ప్రతి పేజీలో, దాని ముందు బ్లాకు ముద్ర ఉంటుంది. ఆ పుస్తకం ఒక్క బీరువాలో కాక వేల కంప్యూటర్లలో ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు రాత్రికి రాత్రి దిద్దలేరు.

ఆ మేరకు యాప్ మాట నిలబెట్టుకుంది. నేను డబ్బు కట్టిన నాలుగో నిమిషంలో 64 అక్షరాల గుర్తింపు సంఖ్య వచ్చింది. దాన్ని వాళ్ల యాప్‌లో కాకుండా బయటి వెబ్‌సైటులో వెతికితే నా పది టోకెన్లు కనిపించాయి. డబ్బు పెట్టినవాడు ఎవరిది ఎంతో చూపే పట్టికలో తన లెక్క తానే చూసుకోగలగడం మామూలు విషయం కాదు. నా ఉద్యోగంలో అలాంటి పట్టిక చూడాలంటే అర్జీ పెట్టుకోవాలి. దీనికి పూర్తి మార్కులు ఇస్తున్నాను. డబ్బు కూడా ప్రతి నెలా 7వ తేదీలోపు బ్యాంకు ఖాతాలో పడింది: 58, 61, 49, 63, 44, 41, 48. మొత్తం 364 రూపాయలు. ఏడాదికి లెక్కేస్తే 6 శాతానికి కాస్త పైన. ప్రకటనలో రాసింది ‘8 శాతం వరకు’. ‘వరకు’ అన్న మాటను నేనే సరిగా చదవాల్సింది.

ఇక పెద్దవాళ్లకు ఇబ్బంది పెట్టే సంగతి. ఖాతా తెరిచినప్పుడు పన్నెండు ఇంగ్లిషు మాటలు చూపించి, కాగితం మీద వరుస తప్పకుండా రాసుకోమంటుంది. ఫోను పోతే ఆ మాటలే తాళంచెవి. కాగితం కూడా పోతే టోకెన్లు పోయినట్టే, వెళ్లి మొర పెట్టుకోవడానికి బ్రాంచి మేనేజరు ఉండడు. యాప్‌లో తెలుగు లేదు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది నామినీ గడి లేకపోవడం. నా తర్వాత ఇవి ఎవరికి చెందాలో చెప్పే వీలే పెట్టలేదు. ఆ కాగితాన్ని బీమా పాలసీలతో పాటు బీరువాలో పెట్టి, ఎక్కడుందో చెల్లెలి కూతురికి చూపించాను.

ఆరో నెలలో 41 రూపాయలు వచ్చినప్పుడు యార్డు చూడాలనిపించింది. ఒక శనివారం మధ్యాహ్నం చెల్లెలి కూతురూ నేనూ మద్దిలపాలెంలో బస్సెక్కి, కొమ్మాది మీదుగా ఆనందపురం వెళ్లాం. యార్డులో ఆరు చార్జర్లు, రేకుల షెడ్డు, పక్కన టీ కొట్టు. రెండు మినీ బస్సులు, అయిదు ఆటోలు ఆగి ఉన్నాయి. నిజంగానే వాహనాలు తిరుగుతున్నాయని చూసి సంతోషం వేసింది. షెడ్డు గోడకు పెద్ద మీటరు ఉంది. సాయంత్రం 6 గంటల 10 నిమిషాలకు రీడింగ్ 18,204. డైరీలో రాసుకున్నాను. మర్నాడు, ఆదివారం, సరిగ్గా అదే సమయానికి మళ్లీ వెళ్లాం. 18,595. అంటే 391 యూనిట్లు. ఆ రోజుకు బ్లాక్‌చెయిన్ గొలుసులో ఎక్కిన లెక్క 358.

“చూడు పెద్దమ్మా, 33 తేడా ఉంది” అంది చెల్లెలి కూతురు.

యార్డు చూసుకునే కుర్రాడిని అడిగాను. దాచే ప్రయత్నమేమీ చేయలేదు. చొక్కా జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి చూపించాడు. పెన్సిల్‌తో రాసిన అంకెలు, కొన్ని చెమటకు చెరిగిపోయాయి. రోజూ డ్యూటీ దిగేముందు మీటరు చూసి అందులో రాసుకుని, ఫోనులో మెసేజ్ పంపుతాడు. ఆఫీసులో ఎవరో దాన్ని కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. అక్కడి నుంచి బ్లాక్‌చెయిన్‌కు వెళుతుంది.

“రోజూ ఒకే సమయానికి చూస్తావా బాబూ?”

“లేదు మేడం. బండ్లు ఎక్కువుంటే తొమ్మిదవుతుంది, లేకపోతే ఏడింటికే రాసేస్తాను.”

అబ్బాయి తప్పేమీ లేదు. ఏ సమయానికి రాయాలో అతనికి ఎవరూ చెప్పలేదు. ఆదివారం తక్కువ పడింది సోమవారం ఎక్కువ పడి సరిపోవచ్చు కూడా. కానీ మా డిపోలో ఒక్క బస్సు డబ్బు ఎలా చేరేదో తెలిసినవాళ్లకు ఆ పెన్సిల్ పుస్తకం చూస్తే గుండె గుభేలుమంటుంది. కండక్టర్ దిగగానే, టికెట్ల లెక్క రాసే ఎస్.ఆర్. అనే కాగితంలో ఒక్కో ధరకు టికెట్ల ప్రారంభ నంబరు, ముగింపు నంబరు చూసి, రెండింటి తేడాను ధరతో హెచ్చవేసేవాళ్లం. ఆ తర్వాతే డబ్బు లెక్క. నోట్లు విడిగా, చిల్లర సంచులు విడిగా లెక్కపెట్టి, టికెట్ల మొత్తంతో సరిపోయాకే సంతకం. రాసేవాడు ఒకరు, సరిచూసేవాడు ఇంకొకరు. చెరపలేని పుస్తకం ఎంత గట్టిదైనా అందులోకి ఎక్కే మొదటి అంకెను రెండో మనిషి చూడకపోతే, తప్పు కూడా చెరపలేనంత గట్టిగానే కూర్చుంటుంది.

సంస్థకు రాశాను. గొలుసులో ఎక్కినదాన్ని మార్చలేమని జవాబు వచ్చింది. మార్చమని నేనూ అడగలేదు. అకౌంట్లలో ఎవరూ చెరపరు. కిందనే తేదీ వేసి, ఎందుకో రాసి, సవరణ పద్దు వేస్తారు. బ్లాక్‌చెయిన్‌లోనూ అలా కొత్త పద్దు వేయవచ్చు. ఆ వీలు పెట్టమని రెండో ఉత్తరం రాశాను. మీటరు రీడింగ్ నేరుగా యంత్రం నుంచే వెళ్లేలా చేయమని కూడా రాశాను.

ఒప్పందం కాగితాన్ని కొన్నాకే పూర్తిగా చదివాను, మీరు ముందే చదవండి. 14వ అంశంలో టోకెన్ అప్పూ కాదు, కంపెనీలో షేరు కూడా కాదు, ఆదాయంలో భాగం సంస్థ విచక్షణ మేరకు ఇవ్వబడుతుంది అని ఉంది. బాండుకూ, అంటే అప్పు పత్రానికీ, దీనికీ అసలు తేడా ఇక్కడే ఉంది. ప్రపంచ బ్యాంకు 2018లో బ్లాక్‌చెయిన్ మీద 11 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల బాండు జారీ చేసింది. 2021లో యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు 10 కోట్ల యూరోలు, 2024లో అమెరికాలోని క్విన్సీ అనే నగరం కోటి డాలర్లు ఇలాగే తెచ్చుకున్నాయి. వాటన్నిటిలో బ్లాక్‌చెయిన్ రుణదాతల పట్టిక మాత్రమే. అప్పు చట్టప్రకారం అప్పే, తీర్చాల్సిన బాధ్యత ఫలానా వాళ్లదని స్పష్టంగా ఉంది. మన విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ కూడా 2018 డిసెంబరులో బ్లాక్‌చెయిన్ ఏమీ లేకుండానే బాండ్ల ద్వారా 80 కోట్లు తెచ్చింది. బాండ్ల పూచీకత్తుల మీద నిఘాకు ఈ గొలుసు పద్ధతినే వాడాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పింది, 2022 ఏప్రిల్ నుంచి షేర్లు, బాండ్ల ఖాతాలు ఉంచే డిపాజిటరీలు దాన్ని నడుపుతున్నాయి. నా టోకెన్‌కు అలాంటి పూచీకత్తూ లేదు, డబ్బు పెట్టినవాళ్ల తరఫున దాన్ని చూసే ట్రస్టీ లేడు.

పన్ను సంగతి కూడా ముందే అడగండి. క్రిప్టో వంటి డిజిటల్ ఆస్తులు అమ్మితే వచ్చే లాభం మీద 2022 నుంచి 30 శాతం పన్ను, దానికి తోడు బదిలీ సమయంలో 1 శాతం కోత ఉన్నాయి. ఈ టోకెన్ ఆ కోవలోకి వస్తుందా అని రెండుసార్లు అడిగాను. ‘మీ పన్ను సలహాదారును సంప్రదించండి’ అన్నదే జవాబు.

ఆ ఆదివారం తిరుగు ప్రయాణంలో కొమ్మాది దాటుతుంటే, విశాఖ మెట్రో కూడా ఇలా టోకెన్లతో కట్టవచ్చు కదా అంది చెల్లెలి కూతురు. డైరీ వెనక లెక్క వేశాం. రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ఆమోదించిన తొలి దశ 46.23 కిలోమీటర్లు, ఖర్చు 11,498 కోట్లు. తలా పదివేలు పెడితే దాదాపు కోటీ పదిహేను లక్షల మంది కావాలి. అంత పని దీర్ఘకాలిక రుణాలతో, ప్రభుత్వాల డబ్బుతోనే జరగాలి. ఒక స్టేషను దగ్గర సైకిల్ స్టాండుకో, ఒక చార్జింగ్ యార్డుకో మాత్రం చుట్టుపక్కల జనం డబ్బు పెట్టవచ్చు. అప్పుడు అది సెబీ కింద జారీ అయిన సరైన బాండు కావాలి. ప్రైవేటుగా జారీ చేసే బాండ్ల ముఖవిలువను పదివేల దాకా తగ్గించుకునే వీలు 2024లో వచ్చింది కాబట్టి అది నాలాంటి వాళ్లకు అందని మొత్తమేమీ కాదు.

అయిదుకు రెండున్నర ఇస్తున్నాను. పట్టిక పారదర్శకంగా ఉన్నందుకు, డబ్బు వేళకు వేసినందుకు ఆ రెండున్నర. నామినీ, తెలుగు, సవరణ పద్దు, మీటరు, ఈ నాలుగూ సరిచేస్తే ఇంకొకటి ఇస్తాను. 14వ అంశం మారేదాకా మాత్రం ఇంకో టోకెన్ కొనను, ఎవరినీ కొనమని చెప్పను. ఉన్న పదింటినీ అమ్మను.

గత వారం మళ్లీ యార్డుకు వెళ్లాను. దారిలో పేజీ నంబర్లు వేసిన రెండు వందల పేజీల రిజిస్టరు, రెండు నీలం పెన్నులు కొన్నాను. తేదీ, సమయం, రీడింగ్, సంతకం, చూసినవారి సంతకం అని అయిదు గళ్లు గీసి ఆ అబ్బాయికి ఇచ్చాను. చూసినవారి గడిలో ఎవరు పెట్టాలని అడిగాడు. రాత్రి ఎనిమిదింటికి అక్కడే ఉంటానని టీ కొట్టు ఆవిడ ఒప్పుకుంది. మొదటి సంతకం ఆ సాయంత్రమే పెట్టింది.