సొయింతులా, పెనెదో: ఫిన్లాండ్ వలస ఊళ్లలో ఏది చూడాలి?

ఫిన్లాండ్ నుంచి వలసపోయినవాళ్లు ఆదర్శ సమాజం కోసం కట్టుకున్న ఊళ్లలో ఈ రెండూ ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. సొయింతులా కెనడా పడమటి తీరంలో ఉంటే, పెనెదో బ్రెజిల్‌లో ఉంది. ఒక్కటే చూడగలిగితే సొయింతులాకే వెళ్లండి.

అది మాల్కం దీవిలో ఉంది. వాంకూవర్ దీవిలోని నానైమో పట్టణం నుంచి అదే దీవి ఉత్తరాన ఉన్న పోర్ట్ మెక్‌నీల్ రేవుకి కారులో దాదాపు నాలుగు గంటలు, అక్కణ్ణుంచి ఫెర్రీలో అరగంట లోపే. అయితే అదే ఫెర్రీ పక్క దీవిలోని అలర్ట్ బే ఊరికి కూడా తిరుగుతుంది. ఒకటి తప్పితే చాలాసేపు పడిగాపులే. అందుకే ఒక రాత్రి ఉండేలా వెళ్లడం మేలు. పెద్ద హోటళ్లు లేవు, ఉన్నవి కొద్దిపాటి కాటేజీలే. వేసవిలో ముందే బుక్ చేసుకోకపోతే దొరకవు. ఊరు చూడ్డానికి నడక చాలు. దీవి ఉత్తరాన ఉన్న బెరె పాయింట్‌కి మాత్రం కారు కావాలి. అదృష్టముంటే అక్కడి గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకునే ఓర్కా తిమింగలాలు కనిపిస్తాయి.

ముందు మ్యూజియం చూడండి, ఊరు అర్థమవుతుంది. నానైమో బొగ్గు గనులతో విసిగిన ఫిన్నిష్ కార్మికులు మత్తి కురిక్కా నాయకత్వంలో 1901లో ఇక్కడ ఉమ్మడి ఆస్తితో కాలనీ పెట్టారు. 1903 జనవరిలో ఉమ్మడి ఇల్లు తగలబడి 11 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాత అప్పులు తీర్చడానికి వాంకూవర్ దగ్గర వంతెనల పనిని మరీ తక్కువ ధరకు ఒప్పుకున్నారు. నెలల తరబడి చేసిన చాకిరీకి ఏమీ మిగల్లేదు. కురిక్కా 1904లో సగంమందిని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు, మరుసటి ఏడు కాలనీని నడిపిన కంపెనీ మూతపడింది.

ఉండిపోయినవాళ్లే ఊరిని నిలబెట్టారు. వాళ్లు 1909లో పెట్టుకున్న సహకార దుకాణం నేటికీ నడుస్తోంది. సరుకులు అక్కడే కొనండి, కాకపోతే సెలవురోజులు ముందే కనుక్కోండి. రేవులో సాల్మన్ చేపలు పట్టే పడవల వెనకవైపు వల చుట్టే పెద్ద డ్రమ్ము కనిపిస్తే ఆగి చూడండి. తడిసి బరువెక్కిన వలని చేతులతో లాగే బాధ తప్పించిన ఆ యంత్రాన్ని 1931లో తయారుచేసింది ఈ ఊరి జాలరే.

పెనెదోకి ప్రయాణం సులువు. రియో, సావోపాలో మధ్య హైవేకి దగ్గర, బసలకు కొదవ లేదు. 1929లో తోయ్వో ఊస్కల్లియో అనే నాయకుడి వెంట వచ్చినవాళ్లు మాంసం, మద్యం ముట్టని జీవితం కోరుకున్నారు. కాఫీ తోటలతో సారం పోయిన నేలలో సాగు గిట్టక అతిథులకు ఇళ్లు అద్దెకిచ్చారు, అలా ఊరు పర్యాటకం వైపు మళ్లింది. ఇప్పుడు శాంతాక్లాజ్ ఇల్లు, చాక్లెట్ షాపుల హడావుడే ఎక్కువ. చరిత్ర కావాలంటే ఫిన్నిష్ మ్యూజియం, ఫిన్లాండ్ క్లబ్బు చూడాలి. శాకాహారులు ఆర్డరిచ్చే ముందు అడిగి తెలుసుకోవాలి, ఇక్కడ ట్రౌట్ చేపకే పేరు. వారాంతంలో రద్దీ, అద్దెలు రెండూ పెరుగుతాయి కాబట్టి వారం మధ్యలో వెళ్లండి, మ్యూజియం తెరిచే రోజులు చూసుకుని.